ప్లాస్టిక్‌లో తాబేలు

బ్లేడు అంచు ప్లాస్టిక్ పొర కిందికి దూరింది. తల్లి కార్డు మూలని చిటికెన వేలితో అదిమిపట్టి, పొరని వెంట్రుకవాసి పైకి లేపింది. పొరతో పాటు మూడు తలల గద్ద మొహాలు మూడూ లేచి వచ్చేశాయి. కింద ఉత్త తెల్ల కాగితం మిగిలింది.

"చాలమ్మా. ఆపెయ్యి," అంది పిడుగు.

సోమవారం సాయంత్రం నుంచి బుధవారం పొద్దుటి దాకా పదకొండేళ్ళ పిడుగు ఆ ఇంట్లో నోరు విప్పడం అది రెండోసారి. మొదటిసారి "ఎందుకు?" అని అడిగింది. దానికి ఇంకా జవాబు రాలేదు.

తల్లి ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసే మనిషి. నెలల పిల్లలకి కూడా మొదటి పోటుకే నరం దొరకబుచ్చుకునే చేతులవి. ఆ చేతుల్లోనే పొద్దుట్నుంచి నాలుగు కార్డులు పోయాయి. ఆవిడ బ్లేడుని కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"ఆవిరి పట్టిస్తే ఊడుతుందేమో," అన్నారు వంటింటి గుమ్మంలో నిలబడ్డ లామినేషన్ గారు.

తల్లి ఊడొచ్చిన పొరని చెత్తబుట్టలో వేసింది.

"పోనీ ఇస్త్రీపెట్టె పెట్టి..."

"మీరింక ఏమీ పెట్టకండి," అంది తల్లి.

పిడుగు తండ్రిని వీధిలో అందరూ లామినేషన్ గారనే పిలుస్తారు. షాపు బోర్డు మీద జిరాక్సు, లామినేషన్, స్పైరల్ బైండింగు అని మూడూ ఉన్నా, ఆయన మనసు మాత్రం మధ్యదాని మీదే. ఇరవై రెండేళ్ళుగా ఆయన దృష్టిలో లోకంలోని కాగితాలు రెండే రకాలు. లామినేషన్ అయినవి, ఇంకా కావలసినవి. ఆ ఇంట్లో పెళ్ళి సర్టిఫికెట్టుకి అయింది, నీళ్ళ మోటారు గ్యారంటీ కార్డుకి అయింది, పిడుగు పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్ళు కాలికి కట్టిన పట్టీకి కూడా అయింది. ఏ ప్రేమైనా ఆయన దగ్గర వేడి రోలర్ల మధ్య నుంచి దూరి బయటికి రావలసిందే.

ఆదివారం నాడు ఈ పెద్దమనిషి కూతురి బొమ్మల కార్డుల ఆటని పేకాటన్నారు. పేకాట ఆడేవాళ్ళు చివరికి ఏమవుతారో వివరంగా చెప్పారు. పిడుగు ఏడ్చింది. సోమవారం ఆయనకి పశ్చాత్తాపం కలిగింది. కలిగినవాళ్ళు కలిగినట్టు ఊరుకోవచ్చు, లేదా వెళ్ళి పిల్ల తల నిమరవచ్చు. ఆయన పిల్ల బడికి వెళ్ళాక అల్మరాలోంచి కార్డుల పెట్టె తీసుకెళ్ళారు. ఒక్కో కార్డుకీ పిడుగు తొడిగిన పల్చటి కవర్లు పీకి చెత్తబుట్టలో వేశారు. రెక్కలున్న కప్పల్నీ, కత్తులు పట్టిన కుందేళ్ళనీ, మొత్తం అరవైనీ గట్టి ఫిల్ములో పెట్టి వేడి రోలర్లలో నొక్కేశారు. రబ్బరు బ్యాండు వేసి బల్ల మీద పెట్టి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.

"నీళ్ళలో వేసినా ఇంకేమీ కావు," అన్నారు ఇప్పుడు మళ్ళీ, ఆ మాట ఇంకా ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదేమోనని.

"నీళ్ళలో ఎవరు వేస్తారండీ?" అంది తల్లి. "అది వాటితో ఆడుకుంటుంది. ఇలాంటి వాటితో ఆడనివ్వరు. శనివారం పోటీ."

"ఒక్క పోటీ పోతే ఏం మునిగిపోతుంది?"

"ముగ్గురు కలిసి ఆడే పోటీ. ఇది లేకపోతే మిగతా ఇద్దరికీ ఆట లేదు. పేర్లు ఇచ్చేశారు. ఏడాది పాటు ఆ పిల్లల కుర్చీల వెనకాల నిలబడి చూసింది మీ కూతురు. కిందటి నెలలో కూర్చోమన్నారు."

"కాగితం ముక్కలే కదా. కలర్ జిరాక్సు తీస్తే అరగంటలో అరవై..."

పిడుగు లేచింది. గుమ్మంలో తండ్రి అడ్డుగా ఉన్నారు కాబట్టి ఆగింది.

"అందులో తాబేలు నాది కాదు," అంది నేలకేసి చూస్తూ. "కళ్ళజోడుది. పోటీ అయ్యేదాకా ఉంచుకోమని ఇచ్చింది."

"కళ్ళజోడు ఎవరు?" అన్నారు లామినేషన్ గారు.

తల్లి నవ్వింది. అది నవ్వని ఆవిడ కూడా ఒప్పుకోదు.

"ఏడాదిగా అన్నం దగ్గర రోజూ ఆ పిల్ల గురించే చెప్తోంది. మీరు కూడా అక్కడే కూర్చుని తింటున్నారు."

పిడుగు ఆయన చేతి కింది నుంచి దూరి వెళ్ళిపోయింది. గది తలుపు గట్టిగా వేసుకోలేదు. వేసుకుంటే ఆయనకి కాస్త ధైర్యంగా ఉండేది.

"ఆ కార్డుల షాపుకి మీరే వెళ్ళండి," అంది తల్లి. "ఆ పిల్లకి మీరే చెప్పండి, తాబేలుని ఏం చేశారో."

"నేనా? ఆ పిల్లమూకలోకా?"

"భయమా?"

"భయం దేనికి?"

"అయితే వెళ్ళండి."

*

సైకిల్ రిపేరు షాపు పైన, ఇరుకు మెట్లెక్కితే వస్తుంది కార్డుల షాపు. పొడుగాటి బల్లలు నాలుగు. వాటి చుట్టూ బడి వదలగానే వచ్చిన పిల్లలు. గోడవారగా తల్లిదండ్రులు, పంటి డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నవాళ్ళలా ఫోన్లు చూసుకుంటూ. ఎదుటివాడి కుందేలుని తన కప్పతో మింగించి గర్వంగా తలెత్తే పిల్లలు. ఇలాంటి చోటికి రావలసి వచ్చినందుకు లామినేషన్ గారి పెదవి ఒకవైపుకి వంగింది.

షాపు యజమానురాలు రైళ్ళలో ముప్పై ఏళ్ళు టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. పిల్లలందరికీ ఆవిడ టీసీ మేడం. మెట్లెక్కి వచ్చిన ప్రతివాళ్ళనీ టికెట్టు లేనివాళ్ళని చూసినట్టే చూస్తుంది.

లామినేషన్ గారు కట్ట ఆవిడ ముందు పెట్టారు. తాబేలుని మాత్రం విడిగా చొక్కా జేబులో వేసుకున్నారు. దాని సంగతి దాని సొంతదారుకి చెప్పాలి కదా. దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చారు.

టీసీ మేడం ఒక కార్డు తీసి బల్ల మీద కొట్టింది. టక్కుమంది. బల్లల దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఎవరి నిర్వాకం ఇది?"

"నాదేనండి. మంచి ఫిల్ము. నూట పాతిక మైక్రాన్లు."

"ఆడేది ఎవరు?"

"మా అమ్మాయి."

"ఆ పిల్లతో మీకేమన్నా పగా?"

లామినేషన్ గారు గొంతు సవరించుకున్నారు. షాపుకొచ్చి గీచిగీచి బేరమాడేవాళ్ళతో మాట్లాడే గొంతు తెచ్చుకున్నారు.

"చూడండి మేడం, ఒకటో రెండో చేస్తే చేత్తో తడిమి గుర్తుపట్టొచ్చు, అది మోసం, ఒప్పుకుంటాను. నేను అన్నిటికీ చేశాను. అన్నీ ఒకేలా ఉన్నప్పుడు ఎవరు గుర్తుపడతారు?"

"కలపండి," అంది ఆవిడ.

"ఏమిటి?"

"ఆటకి ముందు ముక్కలు కలపాలి. కలిపి చూపించండి."

ఆయన కలిపారు. అంటే, కలపబోయారు. యాభై చిల్లర ప్లాస్టిక్ పలకలు ఒకదాని మీద ఒకటి జారి, ఆయన చేతుల్లోంచి ఎగిరి, గదంతా పరుచుకున్నాయి. ఎవరూ నవ్వలేదు. పిల్లలంతా జాలిగా చూశారు.

ఒక పిల్ల మాత్రం బల్ల కింద దూరి ఏరడం మొదలుపెట్టింది. పదేళ్ళుంటాయి. కళ్ళజోడు జారకుండా తాడు కట్టుకుంది. ఏరిన ప్రతి కార్డునీ పేరు పేరునా పలకరిస్తూ, చిన్నగా నిట్టూరుస్తూ ఏరింది.

"మీరు పిడుగు వాళ్ళ నాన్నా?"

"అవునమ్మా."

"మీకు ఆట వచ్చా?"

"రాదు."

"అందుకే," అంది కళ్ళజోడు. ఆ పిల్ల గొంతులో వెక్కిరింపు లేదు. ఆయనకి తోచని సంజాయిషీని ఆ పిల్లే ఆయన తరఫున కనిపెట్టి పెట్టింది. "పిడుగు అందుకే బడి నుంచి ఇటు రావట్లేదా? పోటీకి రానంటుందేమోనని మేము భయపడ్డాం. మీరు కంగారు పడకండంకుల్. మేము తలా కొన్ని ఇస్తాం."

అని బల్లబల్లకీ తిరిగింది. ఒకడు కప్పనిచ్చాడు, ఒకతి రెండు కుందేళ్ళనిచ్చింది, ఇవ్వనని మొండికేసిన ఒకడిని టీసీ మేడం ఒక్క చూపు చూసేసరికి నాలుగిచ్చాడు. పావుగంటలో పిడుగు పెట్టె దాదాపు నిండింది. ఇరవై రెండేళ్ళు ఒకే వీధిలో షాపు నడిపిన ఈయన కోసం పావుగంటలో ఒక గొడుగు కూడా ఎవరూ అప్పివ్వరు.

"తాబేలు మాత్రం నాకు ఇచ్చేయండంకుల్," అంది కళ్ళజోడు. "నావి కొన్ని ఇచ్చేశాను కదా, ఇప్పుడు నా పెట్టెకి అది కావాలి. పిడుగు దాని బదులు నత్త పెట్టుకుంటుందిలే. మా అక్క తాబేలు అది. అక్క హాస్టల్‌కి వెళ్తూ నాకిచ్చింది. పాతకాలంది, ఇప్పుడు రావట్లేదు." ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. కట్టని ఒకసారి వేళ్ళతో తిరగేసింది. "తాబేలుకి ఇలా చెయ్యలేదు కదా?"

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం ఆయనకి ఎవరూ తయారుచేసి పెట్టలేరు. జేబులో ప్లాస్టిక్ మూల గుండెకి గుచ్చుకుంటోంది. చెయ్యి పెట్టి తీసి ఇస్తే చాలు, నోరు కూడా విప్పక్కర్లేదు.

"లేదమ్మా," అన్నారు లామినేషన్ గారు. "అది ఇంట్లో భద్రంగా ఉంది. రేపు తెచ్చిస్తాను."

"హమ్మయ్య," అంది పిల్ల. ఆ సంతోషంలో ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒక బుల్లి కుర్చీలో కూర్చోబెట్టింది. "రండి, నేర్పిస్తాను. మీకు కూడా వస్తే పిడుగుకి ఇంట్లో తోడుంటుంది."

మూడు ఆటలు ఆడారు. మూడూ ఓడిపోయారు. మూడోసారి మాత్రం ఓడిపోయేముందు ఒక కుందేలుని కొట్టారు. కొట్టి చుట్టూ చూశారు, ఎవరన్నా చూశారేమోనని. పేకాటాడేవాళ్ళ గతి గురించి ఆదివారం చేసిన ఉపన్యాసం అప్పుడాయనకి గుర్తుకు రాలేదు. లేచేటప్పుడు "రేపు ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది?" అని టీసీ మేడంని అడిగారు.

*

ఒక్క నిమిషంలో చెప్పవలసిన నిజాన్ని తప్పించుకోవడానికి ఆయన రెండున్నర గంటలు కష్టపడ్డారు. ఆ రాత్రి తన షాపు తలుపు దగ్గరగా వేసి, తాబేలుని స్కానరు మీద పెట్టి, ఫిల్ము మెరుపు పడకుండా వెలుగు తగ్గించి, ఏడుసార్లు ప్రింటు తీశారు. ఏడోదానికి రంగు కుదిరింది. వెనకవైపు బొమ్మ అన్ని కార్డులకీ ఒకటే కాబట్టి అది తేలికే. రెండూ దళసరి కాగితానికి అతికించి, బరువు పెట్టి ఆరబెట్టి, మూలలు కత్తిరించే మిషనుతో నాలుగు మూలలూ గుండ్రంగా తీశారు. కొత్త కవరు తొడిగారు. ఇన్నేళ్ళలో ఆయన చేతిమీదుగా పోయిన నకళ్ళలో ఇంత గొప్పది లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే.

గురువారం సాయంత్రం కళ్ళజోడు చేతిలో పెట్టారు.

"రంగు కాస్త తేడాగా ఉందేంటంకుల్?"

"కవరు కొత్తది కదమ్మా."

"అవును కదా," అని పెట్టెలో పెట్టేసుకుంది. ఆ తర్వాత ఆయనకి రెండు ఆటలు నేర్పింది.

ఇంటికొచ్చి తీరిగ్గా కాళ్ళు కడుక్కున్నారు. తుడుచుకుంటూ, ఏదో మామూలు సంగతి చెప్తున్నట్టు చెప్పారు.

"ఇంకో తాబేలు దొరికింది. ఇచ్చేశాను."

తల్లి కూరగాయలు తరగడం ఆపింది.

"ఎక్కడ దొరికింది?"

"తెలిసినవాళ్ళ దగ్గర."

"ఎవరు వాళ్ళు?"

"నీకు తెలీదులే. వ్యాపారంలో సవాలక్షమంది ఉంటారు."

పిడుగు గదిలోంచి వచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి తండ్రి మొహంలోకి చూసింది.

"నిజంగా దొరికిందా నాన్నా? ఎవరి దగ్గరా లేదది."

"మీ నాన్నంటే ఏమనుకున్నావు?"

"మరి కళ్ళజోడు ఏమంది, దాన్ని పాడుచేశామంటే?"

లామినేషన్ గారు తువ్వాలు మడతపెట్టారు. విప్పి మళ్ళీ మడతపెట్టారు.

"అది చెప్పలేదు. వాళ్ళక్క ఇచ్చిందటగా, తెలిస్తే బాధపడుతుంది. నువ్వు కూడా చెప్పకు. ఏ తాబేలైతేనేం, తాబేలే కదా."

పిడుగు ఆలోచించింది. దాని కనుబొమలు దగ్గరయ్యాయి. చెప్పాలని దానికి అనిపిస్తోందని చూసేవాళ్ళకెవరికైనా తెలుస్తుంది.

"దానికి అబద్ధం నేర్పుతున్నారా?" అంది తల్లి.

"అబద్ధం ఏంటి? ఊరుకోమంటున్నాను, అంతే. మంచికి ఊరుకుంటే తప్పేముంది?"

"నువ్వు ఆడావట," అంది పిడుగు హఠాత్తుగా. "కళ్ళజోడు బళ్ళో ఎవరికో చెప్తుంటే విన్నాను. కుందేలుని కొట్టావట."

"కొట్టాను."

"దేంతో?"

"ఆ ఎర్ర కప్ప ఉంది చూడూ..."

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. అన్నాలవేళ దాకా ఆడుతూనే ఉన్నారు. పిడుగు ఆయన ముక్కలు పట్టుకునే తీరు చూసి పడీ పడీ నవ్వింది. ఒకసారి కావాలని ఓడిపోయింది కూడా. ఆయన అది కనిపెట్టలేదు, నిజంగానే గెలిచాననుకుని పొంగిపోయారు. తల్లి పొయ్యి దగ్గర నుంచి చూస్తూనే ఉంది. సంతోషించవలసిన దృశ్యమే. ఆవిడకి మాత్రం ఆయన మొహంలో ఆ తేలికదనం చూస్తుంటే ఒళ్ళు మండింది. గిన్నె దించుతూ గట్టిగా చప్పుడు చేసింది.

*

శనివారం లామినేషన్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. కొత్తగా నేర్చుకుంటున్న పెద్దవాళ్ళకి గోడవార ఒక బల్ల వేశారు. అక్కడ కూర్చుని ఒక బస్సు కండక్టరుని ఓడించారు. ఆ కండక్టరు అయిదేళ్ళ కొడుకు కోసం వచ్చి, మొహమాటానికి కూర్చున్నవాడు. అయినా ఈయన "నా వంతు," "నీ కప్ప పోయింది," అని గదంతా వినపడేలా అంటున్నారు. తల్లికి రెండింటి దాకా డ్యూటీ. ఫైనల్సు వేళకి వస్తానంది.

పిడుగు జట్టు ఫైనల్సుకి వచ్చింది కూడా. పిడుగు, కళ్ళజోడు, వాళ్ళతో ఆడే మూడో పిల్లాడు. అప్పు తెచ్చిన కప్పలతో, తలా ఒకరిచ్చిన కుందేళ్ళతో పిడుగు మూడు ఆటలు గెలిచింది. కుర్చీ వెనకాల నిలబడి చూసే పిల్లలు ఇప్పుడు దాని వెనకాల నిలబడ్డారు. మధ్యలో ఒకసారి ఎవరికో వేలెత్తి చూపించి "ఆయన మా నాన్న" అంది. ఆ మాట ఆయన విన్నారు.

ఆఖరి ఆటకి ముందు అందరి పెట్టెలూ తనిఖీ చెయ్యడం అక్కడి పద్ధతి. టీసీ మేడం ఒక్కో ముక్కా కవరులోంచి తీసి, చూసి, మళ్ళీ తొడుగుతోంది. పిడుగు పెట్టె అయింది. కళ్ళజోడు పెట్టెలో ఇరవయ్యో ముక్క దగ్గర ఆవిడ బొటనవేలు ఆగింది.

ఆవిడ దాన్ని ఎత్తి దీపానికి అడ్డంగా పట్టింది. వాసన చూసింది.

"ఇది ఎవరిది?"

"నాదే మేడం. తాబేలు," అంది కళ్ళజోడు.

"తాబేలు కాదు. దొంగ ముక్క." ఆవిడ దాన్ని వేళ్ళ మధ్య వంచింది. "ముప్పై ఏళ్ళలో దొంగ పాసులు చాలా చూశాను. ఇంత మంచి పనితనం ఎక్కడా చూడలేదు."

గోడవార బల్ల దగ్గర లామినేషన్ గారి మొహంలో, ఒక్క క్షణం, సంతోషం కనిపించింది. ఇలాంటి మనిషి మరి. ఆ తర్వాతే రంగు మారింది.

"నాది నిజమైనదే మేడం. మా అక్కది," అంది కళ్ళజోడు. "పిడుగు దగ్గర ఉంచాను. గురువారం వాళ్ళ నాన్న తెచ్చిచ్చారు."

గదిలో అందరూ మొదట పిడుగుని చూశారు, తర్వాత గోడవార బల్లని.

"ఒకసారి ఇస్తారా మేడం?" అంది పిడుగు.

టీసీ మేడం ఇచ్చింది. పిడుగు బొమ్మని చూడలేదు. మూల మీద వేలు పెట్టి రుద్ది చూసింది. ఆ గుండ్రం దానికి తెలుసు. మూడేళ్ళప్పటి నుంచి సెలవు రోజుల్లో ఆ షాపులో కూర్చుని, ఆ మిషనుతోనే పాత కాగితాలకి మూలలు తీసి ఆడుకుంది. అది తలెత్తి తండ్రిని చూసింది. ఏమీ అడగలేదు. ఆయన లేచి నిలబడి ఒక మాట చెప్పడానికి సరిపోయేంత సేపు, ఇంకా కొంచెం ఎక్కువసేపు కూడా, అలా చూస్తూనే ఉంది.

ఆయన చేతిలోని ముక్కలు సర్దుకున్నారు. చిన్నవి ఒకవైపు, పెద్దవి ఒకవైపు.

"నేనే చేశాను మేడం," అంది పిడుగు.

"నువ్వా?"

"మా షాపులో. అసలుది నా వల్ల పాడైపోయింది. చెప్పడానికి భయమేసింది. చెప్పకుండా ఇలా చేసి ఇచ్చేస్తే ఎవరికీ తెలీదనుకున్నాను."

కళ్ళజోడు కుర్చీ వెనక్కి జరుపుకుంది. పిడుగుకి దూరంగా.

"జట్టు మొత్తానికీ ఆట రద్దు," అంది టీసీ మేడం. మూడో పిల్లాడు బల్ల మీద తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. "ఇచ్చినవాళ్ళ ముక్కలు ఇచ్చినవాళ్ళకి తిరిగిచ్చెయ్యి. ఏడాది పాటు నువ్వు ఈ మెట్లెక్కకూడదు."

"సరే మేడం."

ఆవిడ రిజిస్టరు తెరిచింది గానీ రాయలేదు. కలం పట్టుకుని గోడవార బల్లకేసి తిరిగింది. ముప్పై ఏళ్ళు జనం మొహాలు చూసి నిజాలు తేల్చిన మనిషి.

"తండ్రిగారు మీరేమంటారు? చెప్పేదేమన్నా ఉంటే నేను రాయకముందే చెప్పండి."

కండక్టరు కూడా ఆయన్నే చూస్తున్నాడు. లామినేషన్ గారు నిలబడ్డారు. చొక్కా సరిచేసుకున్నారు.

"చిన్నపిల్ల మేడం," అన్నారు. "తెలియక చేసుంటుంది. ఈ ఒక్కసారికి వదిలెయ్యండి."

టీసీ మేడం ఇంకో క్షణం ఆగింది. తర్వాత రిజిస్టరులో రాసింది.

పిడుగు బల్లబల్లకీ తిరిగి ఎవరి కప్పలు వాళ్ళకి, ఎవరి కుందేళ్ళు వాళ్ళకి ఇచ్చేసింది. కొందరు తీసుకుంటూ దాని మొహం చూడలేదు. ఒకతి మాత్రం తనవి రెండూ అసలువో కావో దీపం దగ్గర పెట్టి చూసుకుంది.

కళ్ళజోడు ఏడుపు ఆపుకుంటూ లామినేషన్ గారి దగ్గరికి వచ్చింది.

"సారీ అంకుల్. ముందు మీరే చేశారేమోననుకున్నాను."

"పర్లేదమ్మా," అన్నారాయన.

పిడుగు అప్పుడు ఆయన పక్కనే ఉంది, ఖాళీ పెట్టె సంచిలో పెట్టుకుంటూ. ఆ మాట విని, సంచి జిప్పు వేసుకుని, మెట్లవైపు నడిచింది.

తల్లి డ్యూటీ బట్టల్లోనే పరుగున మెట్లెక్కి వస్తోంది. ఆయాసపడుతూ పైమెట్టు దగ్గర ఆగింది.

"అయిపోయిందా? బస్సు దొరకలేదమ్మా. ఎవరు గెలిచారు?"

"నాన్న," అంది పిడుగు.

తల్లి సంచి అందుకోబోయింది. పిడుగు ఇవ్వలేదు. గోడకి ఒరుసుకుంటూ ఆవిడ పక్కనుంచి ఒక్కతే కిందికి దిగిపోయింది. సైకిలు షాపు దాటి వీధిలోకి వెళ్ళేదాకా ఎక్కడా వెనక్కి తిరగలేదు.

తల్లి ఆ పిల్ల వెనకాల పరుగెత్తలేదు. గదిలోకి చూసింది. ఏడుస్తున్న పిల్లల్ని చూసింది, రిజిస్టరు మూస్తున్న ఆవిడని చూసింది, ఇస్త్రీ చొక్కాలో, చేతినిండా ముక్కలతో నిలబడ్డ మొగుణ్ణి చూసింది.

"ఈసారి ఏం చేశారు?" అని అడిగింది.